సొమ్ము దొరికినా దొంగతనం కేసు ఎందుకు కొట్టేశారు? (ఐపీసీ 457 రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, 380 ఇంట్లో దొంగతనం: ఈ సెక్షన్ల తీర్పు మీద సందేహాలు)

చిన్న వకాలత్:

ఫోరం సభ్యులందరికీ నమస్కారమండీ. జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు తీర్పు ఒకటి ముందు పెట్టుకుని అడుగుతున్నాను. పేర్లు, ఊళ్లు వదిలేస్తున్నాను. 2022 వేసవిలో ఇంట్లోవాళ్లు డాబా మీద పడుకుని ఉండగా కింద తలుపు తాళం పగలగొట్టి బీరువాలో నగలు పట్టుకుపోయారు. ఐదు కాసుల గొలుసు, జత గాజులు, జత జూకాలు. తెల్లారి ఫిర్యాదు, గుర్తు తెలియని వ్యక్తుల మీద ఎఫ్‌ఐఆర్. నాలుగు నెలలకు బస్టాండు దగ్గర తనిఖీలో ముద్దాయిని పట్టుకున్నారు. ఇద్దరు మధ్యవర్తుల (పోలీసులు పిలిచిన పంచ సాక్షుల) ఎదుట ఒప్పుకున్నాడని, తీసుకెళ్లి పశువుల పాక పక్కన గడ్డివాములోంచి గొలుసు, గాజులు తీసి ఇచ్చాడని రికార్డు. జూకాలు దొరకలేదు.

కోర్టులో పి.డబ్ల్యు.1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అంటే ఫిర్యాది), పి.డబ్ల్యు.2 (ఆయన భార్య) నగలు తమవేనని గుర్తుపట్టారు. మధ్యవర్తులిద్దరూ అడ్డం తిరిగారు, స్టేషన్లో సంతకాలు పెట్టామన్నారు. ఎస్సై సాక్ష్యం చెప్పారు. చివరికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 248(1) కింద నిర్దోషిగా విడుదల.

నా సందేహాలు మూడు. సొమ్ము దొరికింది, సొంతదారు గుర్తుపట్టాడు, ఇంకేం కావాలి? ఆ నగలు ఇప్పుడు ఎవరికి వెళ్తాయి? అప్పీలు వేస్తే నిలుస్తుందా?

ఎగ్జిబిట్ పి-1:

చూసిన సాక్షి లేని దొంగతనం కేసులో సొమ్ము దొరకడం ఒక్కటే కేసుకు ఊపిరి. అయితే అందులో మూడు ముడులున్నాయి. ఆ వస్తువు ఫిర్యాదిదే అయి ఉండాలి. అది ఎక్కడుందో ముద్దాయి చెబితేనే బయటపడి ఉండాలి. అది ఉన్న చోటు ముద్దాయి చేతి కింద ఉండాలి. ఇందులో ఏ ముడి ఊడినా మిగతా రెండూ పనికిరావు. మీరు చెప్పిన తీర్పులో రెండు ఊడినట్టున్నాయి.

మొదట ఒప్పుకోలు సంగతి. పోలీసుకు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు (పాత సాక్ష్య చట్టం 25, 26, కొత్త దాంట్లో 23). దానికి మినహాయింపు పాత 27, ఇప్పుడు అదే 23 కింద ప్రొవైజోగా (సెక్షను చివర చేర్చిన మినహాయింపు వాక్యంగా) ఉంది. దీని మీద దేశమంతా ఇవాళ్టికీ చెప్పుకునే పులుకూరి కోటయ్య కేసు మన గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లిందే. 1947లో అచ్చయిన ఆ తీర్పు ఏం చెబుతుందంటే, బయటపడిన సంగతి అంటే వస్తువు కాదు, ఆ వస్తువు ఫలానా చోట ఉందన్నదీ, అది ముద్దాయికి తెలుసన్నదీ. కాబట్టి 'నేను దొంగిలించిన గొలుసును గడ్డివాములో దాచాను, చూపిస్తాను' అన్న వాక్యంలో 'నేను దొంగిలించిన' అన్న ముక్క కొట్టేయాలి. మిగిలిందే సాక్ష్యం. చాలా ఫైళ్లలో మూడు పేజీల ఒప్పుకోలును మొత్తంగా ఎగ్జిబిట్ చేయమని (సాక్ష్యంగా నంబరు వేసి రికార్డులో చేర్చమని) ఇచ్చేస్తారు. పనికొచ్చే రెండు వాక్యాలను విడిగా గుర్తించి మార్కు చేయించరు. అసలా రెండు వాక్యాలు ముద్దాయి మాటల్లో ఉండవు కూడా. 'ముద్దాయి తన నేరం ఒప్పుకుని సొత్తు చూపెదనని తెలిపినాడు' అని స్టేషను రైటరు భాషలో ఉంటుంది. ముద్దాయి నోటి మాట ఏమిటో ఎవరికీ తెలియదు.

2022లో సుప్రీంకోర్టు రామానంద్ కేసులో ఈ వరస విడమరిచి చెప్పింది. మధ్యవర్తులను ముందే స్టేషనుకు పిలవాలి. వాళ్ల ఎదుట ముద్దాయి తన ఇష్టంతో చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాయాలి. అక్కడికి పంచనామా మొదటి భాగం పూర్తవుతుంది. తర్వాత అందరూ కలిసి ముద్దాయి దారి చూపగా వెళ్లాలి, అక్కడ దొరికింది రెండో భాగంలో రాయాలి. మన దగ్గర ఎక్కువగా ఈ రెండూ ఒకే కాగితంలో, ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో, ఒకే సమయం వేసి ఉంటాయి. స్టేషను నుంచి ఊరికి 22 కిలోమీటర్లు ఉంటుంది, పంచనామా మొదలు ఉదయం 10 గంటలు, ముగింపు 10:45. క్రాస్‌లో (అవతలి వకీలు సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఒక్క ప్రశ్నతో అది కూలిపోతుంది. వెళ్లిన జీపు లాగ్ బుక్, జనరల్ డైరీ ఎంట్రీ ఫైల్లో పెడితే ఈ గొడవ ఉండదు. పెట్టేవాళ్లు తక్కువ.

ఇక గడ్డివాము. 1954 నాటి త్రయంబక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇదే: అందరూ తిరిగే పొలంలో దొరికిన సొత్తు ముద్దాయి స్వాధీనంలో ఉందనడం కష్టం. ఆ పాక ఎవరిది, ఎవరి సర్వే నంబరులో ఉంది, గడ్డి ఎవరిది, కంచె ఉందా అన్నది తీర్పులో వెతకండి. పంచాయతీ ఇంటి పన్ను రసీదు గానీ, వీఆర్వో ఇచ్చే ధ్రువీకరణ గానీ, పక్కింటివాళ్ల ఒక్క సాక్ష్యం గానీ ఉండాలి. ఏదీ లేకపోతే అది ఊరందరి గడ్డివాము. వస్తువు వాము లోపల ఎంత లోతులో, దేనిలో చుట్టి ఉందో కూడా చూడాలి. పైకి కనిపించని చోట లోపలికి చెయ్యి పెట్టి తీశాడంటే ముద్దాయికి తెలుసన్న వాదనకు బలం వస్తుంది. పంచనామాలో 'గడ్డివాము నుండి తీసి ఇచ్చినాడు' అని మాత్రమే ఉంటే ఆ బలమూ పోయింది.

స్వాధీనం తేలకపోతే, దొంగతనం జరిగిన కొద్ది కాలానికే సొత్తు దగ్గర ఉన్నవాడు దొంగ అయినా అయి ఉండాలి, దొంగసొత్తని తెలిసి పుచ్చుకున్నవాడైనా అయి ఉండాలి అన్న ఊహ (పాత 114, ఉదాహరణ ఎ) కూడా పనిచేయదు. కనీసం 411 (దొంగసొత్తు పుచ్చుకోవడం) కూడా నిలబడదు.

తూకం రాళ్లు:

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. మధ్యవర్తులు అడ్డం తిరిగారు కాబట్టి కేసు పోయిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. సోదాకైతే ఇద్దరు స్థానికులు కావాలి గానీ, ముద్దాయి చెప్పగా తీసిన సొత్తుకు ఆ నియమం అంత కచ్చితం కాదని, పోలీసు సాక్ష్యాన్ని ముందే అనుమానించి మొదలుపెట్టకూడదని 2001లో అచ్చయిన సునీల్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఎస్సై సాక్ష్యం నిలకడగా ఉంటే దాని మీదే శిక్ష వేయొచ్చు. ఇక్కడ ఎస్సై సాక్ష్యం ఎందుకు నిలవలేదో చూడాలి. నా అనుమానం ఒకటుంది: బస్టాండు దగ్గర పట్టుబడిన మనిషి ఒక్క కేసుకే ఒప్పుకుని ఉండడు. ఒకే ఒప్పుకోలులో ఏడెనిమిది క్రైం నంబర్లు ఉంటాయి. మధ్యవర్తుల నామా (పైన చెప్పిన పంచనామా) అసలు కాగితం ఒక కేసు ఫైల్లో ఉంటుంది, మిగతా వాటిలో జిరాక్సులు. అసలు తెప్పించమని ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు) మెమో వేయకపోతే ఆ జిరాక్సు ఎగ్జిబిట్ కాదు, అయినా విలువ ఉండదు. పైగా అన్ని కేసుల్లోనూ అదే ఇద్దరు మధ్యవర్తులు. మీ ఫైల్లో ఎగ్జిబిట్ల పట్టిక తీసి, నామా పక్కన 'జిరాక్సు ప్రతి' అని ఉందేమో చూడండి.

అసలు నేను రాయాలనుకున్నది మొదటి ముడి గురించి, అంటే నగ ఫిర్యాదిదేనా అన్నదాని గురించి. అందరూ దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఎఫ్‌ఐఆర్‌లో 'ఐదు కాసుల బంగారు గొలుసు' అని ఉంది. కాసు అంటే 8 గ్రాములు, ఐదు కాసులు 40 గ్రాములు. అదే తెలంగాణలో ఐదు తులాలు అంటే వాడుకలో 50 గ్రాములు. దొరికిన గొలుసు 38.200 గ్రాములు అని రాస్తే, అరిగిందా, తూకం తేడానా, అసలు వేరే గొలుసా? ఈ తేడాను వివరించే సాక్షి ఉండాలి. నగను తూచిన కంసాలిని సాక్షిగా పెట్టాలి. 'సుమారు 40 గ్రాములు' అని కంటితో చూసి రాసిన నామాలు చాలా ఉంటాయి. ఆ 'సుమారు' ముద్దాయికి వరం.

గుర్తింపు పరేడ్ సంగతి చూడండి. మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్, 1990లో రూల్ 35 ఉంది. సొత్తు కోర్టులో ఉండగా, మేజిస్ట్రేటు ముందు పరేడ్ జరగాలి. ప్రతి వస్తువునూ విడిగా పెట్టాలి. దాంతో పాటు అలాంటివే నాలుగో ఐదో కలపాలి. సాక్షి వస్తువును చూడకముందే దాని గుర్తులు చెప్పించాలి. ఒకరి తర్వాత ఒకరు రావాలి, చూసి వెళ్లినవాళ్లు ఇంకా చూడనివాళ్లతో మాట్లాడకూడదు. ఇంత స్పష్టంగా ఉన్నా జరిగేది ఏమిటి? సొత్తు దొరికిన సాయంత్రమే ఫిర్యాదిని స్టేషనుకు పిలిచి 'ఇవి మీవేనా' అంటారు. లేదా మర్నాడు ప్రెస్ మీట్‌లో బల్ల మీద నగలన్నీ పరిచి ఫొటోలు తీయిస్తారు. పేపర్లో ఆ ఫొటో పడ్డాక పరేడ్ పెట్టినా దానికి విలువేముంది?

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. పరేడ్ లేకపోతే గుర్తింపు చెల్లదని చట్టం ఎక్కడా అనలేదు. 1983లో ఎరభద్రప్ప కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. రోజూ ఒంటి మీద వేసుకునే నగను ఇంటి ఆడవాళ్లు ఇట్టే గుర్తుపడతారని కూడా అన్నది. ఆ కేసులో దొంగతనానికీ సొత్తు దొరకడానికీ మధ్య ఏడాది గడిచింది. ముద్దాయి అంతకాలం పరారీలో ఉన్నాడు కాబట్టి ఆ ఏడాది ఎక్కువేమీ కాదన్నది కోర్టు. కాబట్టి మీ కేసులో నాలుగు నెలల జాప్యం దానికదే దెబ్బ కాదు. పి.డబ్ల్యు.2 చీఫ్‌లో (తన వైపు వకీలు అడిగినప్పుడు) 'ఇది నా గొలుసు' అని మాత్రమే చెప్పిందా, 'కొక్కెం విరిగితే రాగి తీగతో కట్టించాను, అదుగో' అని చెప్పిందా అన్నదే అసలు తేడా. ఆ రెండో మాట ఎఫ్‌ఐఆర్‌లోనో, పోలీసులు రాసుకున్న 161 వాంగ్మూలంలోనో ముందే ఉండాలి. కోర్టులో మొదటిసారి చెబితే, నగ చూసి చెప్పిందని క్రాస్‌లో అంటారు.

ఒక కొత్త సౌకర్యం గురించి ఫిర్యాదులు రాసేవాళ్లు గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ లేకుండా అమ్మకూడదు. ఒక నగ కోడ్ ఇంకో నగకు ఉండదు. కొనేటప్పుడు బిల్లు మీద ఆ కోడ్ రాయించుకుని, ఫోన్లో నగ రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకుంటే, దొంగతనం ఫిర్యాదులో ఆ ఆరు అక్షరాలు రాయొచ్చు. దొరికిన నగ మీద భూతద్దంతో అదే కోడ్ చదివి నామాలో రాస్తే గుర్తింపు గొడవ అక్కడితో తీరిపోతుంది. కరిగించి ముద్ద చేస్తే మాత్రం ఏ కోడూ మిగలదు. అప్పుడు తాకట్టు రసీదులు, కంసాలి రిజిస్టరే దారి.

చిన్న వకాలత్:

మీరన్నట్టే ఉందండీ. ఎగ్జిబిట్ పి-3, మధ్యవర్తుల నామా పక్కన 'జిరాక్సు' అని ఉంది. పాక ఎవరిదో ఎస్సై క్రాస్‌లో 'విచారించలేదు' అన్నారు. పరేడ్ లేదు. ఎఫ్‌ఐఆర్‌లో నగల గుర్తులేవీ రాయలేదు. క్లూస్ టీం వచ్చిందని ఎస్సై చెప్పారు గానీ వేలిముద్రల రిపోర్టు ఫైల్లో లేదు.

ఎగ్జిబిట్ పి-1:

బీరువా మీద దొరికిన ముద్రలు ముద్దాయివి అయి ఉంటే నామా, గడ్డివాము, మధ్యవర్తులు ఏవీ అక్కర్లేకుండా 457 నిలబడేది. ముద్రలు సరిపోలలేదా, అసలు తీయలేదా అన్నది చెప్పకుండా ఊరుకోవడం ప్రాసిక్యూషన్‌కు చేటు. వేలిముద్రల బ్యూరో డైరెక్టర్ రిపోర్టును, ఆయన్ను సాక్షిగా పిలవకుండానే పాత సీఆర్‌పీసీ 293 కింద (దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 329) మార్కు చేయొచ్చు. ఫైల్లో ఒక్క కాగితం పెట్టే పని అది.

2024 జూలై 1 తర్వాతి కేసులకు ఇంకో సంగతి చేరింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీసి మేజిస్ట్రేటుకు పంపాలి. మధ్యవర్తులు అడ్డం తిరిగినా వీడియో అడ్డం తిరగదు. అయితే దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం 63(4) సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే దాని డిజిటల్ గుర్తు) రాయాలి. ఫోన్లో తీసి, వాట్సాప్‌లో స్టేషను గ్రూపుకు పంపి, ఆ గ్రూపులోంచి దింపిన ఫైలుకు సర్టిఫికెట్ ఇస్తే హ్యాష్ అసలు దానితో కలవదు. తీసిన ఫోన్లోంచే నేరుగా కాపీ చేయాలి.

కాపీయింగ్ సెక్షన్:

రెండో, మూడో సందేహాలకు నేను చెబుతాను.

ముందు నగలు. విచారణ సమయంలో సీఆర్‌పీసీ 451 (కొత్త సంహితలో 497) కింద క్రిమినల్ ఎంపీ (మధ్యంతర పిటిషను) వేసి ఫిర్యాది వాటిని తాత్కాలిక కస్టడీకి తీసుకుని ఉంటే, తీర్పు చివరి పేరాలో ఆ ఉత్తర్వు అప్పీలు గడువు తర్వాత శాశ్వతమవుతుందని ఉంటుంది. ఆ పేరా తప్పకుండా చదవండి, చాలామంది అక్కడిదాకా రారు. బంగారాన్ని ఏళ్ల తరబడి కోర్టు మాల్‌ఖానాలో (సొత్తు దాచే గదిలో) పెట్టొద్దని, ఫొటోలు, నామా, బాండు తీసుకుని ఇచ్చేయమని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకా కోర్టులోనే ఉంటే 452 (కొత్తది 498) కింద అడగాలి. ముద్దాయి విడుదలయ్యాడు కాబట్టి నగలు ముద్దాయికి ఇస్తారేమో అని ఫిర్యాదుదారులు భయపడతారు. అలా కాదు. 313 (కొత్తది 351) పరీక్షలో, అంటే సాక్ష్యాల మీద కోర్టు అడిగినప్పుడు, ముద్దాయి ఏం చెప్పాడో చూడండి. 'నా దగ్గర ఏదీ దొరకలేదు, అబద్ధపు కేసు' అన్నవాడు తర్వాత ఆ గొలుసు నాదే అనలేడు. అడిగేవాడు ఫిర్యాది ఒక్కడే అయినప్పుడు కోర్టు ఫిర్యాదికే ఇస్తుంది. బాండు రాయించుకోకుండా ఇచ్చిన ఉత్తర్వు అయితే రెండు నెలల దాకా అమలు కాదు, అప్పీలు పడితే అది తేలేదాకా ఆగుతుంది. బాండు రాసి ఇస్తే వెంటనే తీసుకోవచ్చు. ఆస్తి ఉత్తర్వు ఒక్కదాని మీద కూడా 454 (500) కింద అప్పీలు ఉంది.

అప్పీలు రెండు దారుల్లో పోతుంది. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల, బెయిల్ హక్కు లేని నేరం, తీర్పు మేజిస్ట్రేటుది. కాబట్టి ప్రభుత్వం తరఫున జిల్లా మేజిస్ట్రేటు చెబితే పబ్లిక్ ప్రాసిక్యూటరు సెషన్స్ కోర్టులో వేస్తారు. ఫిర్యాది సొంతంగా 372 ప్రొవైజో (కొత్తది 413) కింద అదే సెషన్స్ కోర్టులో వేయొచ్చు. బాధితుడికి అనుమతి అక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కోడగలి తీర్పు తేల్చింది. కాపీ దరఖాస్తు ఆలస్యం చేయకుండా వేయండి. కాపీ తయారవడానికి పట్టే రోజులు గడువులోంచి మినహాయిస్తారు గానీ, స్టాంపులు పిలిచిన జాబితా నోటీసు బోర్డు మీద చూసుకోక, దరఖాస్తు కొట్టేస్తే ఆ రోజులు కలిసిరావు.

నిలుస్తుందా అంటే, మీరు చెప్పిన రికార్డుతో కష్టం. 2007 చంద్రప్ప తీర్పు ప్రకారం విడుదలైనవాడికి నిర్దోషి అన్న ఊహ రెట్టింపవుతుంది. సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు వీలుంటే కింది కోర్టు అభిప్రాయాన్ని మార్చరు. నామా అసలు ప్రతి వేరే కేసు ఫైల్లో భద్రంగా ఉంటే, 391 (432) కింద అదనపు సాక్ష్యంగా తీసుకోమని అడగడం ఒక్కటే మీ చేతిలో ఉన్న పని. పాక సంగతి మాత్రం దానితోనూ తీరదు. కింది కోర్టులో ఉండగానే 311 కింద సాక్షిని మళ్లీ పిలిపించాల్సింది.

ముద్దాయి తరఫు:

ఒక్కమాట అవతలి వైపు నుంచి. విడుదలైనా 437ఎ (కొత్తది 481) బాండు, అంటే పై కోర్టు పిలిస్తే హాజరవుతానన్న హామీ, ఆరు నెలలు అమల్లో ఉంటుంది. జామీనుదార్లకు ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే పొలం పాసుపుస్తకం వెనక్కి ఇవ్వలేదని రోజూ కోర్టు చుట్టూ తిరుగుతారు.

రెండోది ముఖ్యం. విడుదలైన కుర్రాడు రేపు ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, అటెస్టేషన్ ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా' అని అడిగిన చోట అవును అనే రాసి, పక్కన సి.సి. (కోర్టు కేసు) నంబరు, తీర్పు తేదీ, 248(1) కింద విడుదల అని రాయాలి. కేసు కొట్టేశారు కదా అని 'లేదు' అని రాస్తే, దాచిపెట్టిన కారణానికే ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో ఈ విషయం వివరంగా ఉంది. నిజం రాసినా యజమాని ఆ తీర్పు తెప్పించుకుని చదువుతాడు. గుర్తింపే రుజువు కాలేదని రాశారా, 'సంశయ లబ్ధి' అని ఒక్క మాటతో ముగించారా అన్నది అక్కడ బరువవుతుంది. అందుకే వాదన చివర్లో రాతపూర్వక వాదనలు ఇచ్చి, ప్రతి ముడి మీదా విడిగా తీర్మానం కోరాలి.

ఇంకొకటి. మధ్యవర్తులను డబ్బిచ్చి తిప్పారని ఫిర్యాదుదారులు అనుకుంటారు. కొన్నిసార్లు రాజీ కూడా ఉంటుంది. 379 (మామూలు దొంగతనం) అయితే సొత్తు సొంతదారు రాజీ చేసుకోవచ్చు, దానికీ విడుదల ఫలితమే. కానీ 457, 380 రాజీకి వచ్చే సెక్షన్లు కావు. రాజీకి చట్టం దారి ఇవ్వని కేసుల్లో సాక్షులు నోరు మూసుకోవడం జరుగుతుంది. మీ ఫైల్లో పి.డబ్ల్యు.1, 2 గట్టిగానే చెప్పారు కాబట్టి ఇక్కడ ఆ అనుమానం పెట్టుకోవద్దు.

చిన్న వకాలత్:

అందరికీ ధన్యవాదాలండీ. చివరి పేరా ఇప్పుడు చదివాను. ఎం.ఓ.1, 2 (కోర్టులో నంబరు వేసిన గొలుసు, గాజులు) ఇంకా కోర్టులోనే ఉన్నాయి, తాత్కాలిక కస్టడీ ఎవరూ అడగలేదు. 313లో ముద్దాయి 'నా దగ్గర ఏమీ దొరకలేదు' అనే చెప్పాడు. సోమవారం బాండుతో సహా 452 పిటిషను, సి.ఏ. (కాపీ దరఖాస్తు) రెండూ వేయిస్తాను. నామా అసలు ప్రతి ఏ క్రైం నంబరులో ఉందో స్టేషను రికార్డులో వెతికి చెబుతాను.